ప్రోస్టేట్ పరీక్ష అందరికీ అవసరమా?

యాభై దాటిన మగవాళ్ల ‘ఫుల్ బాడీ చెకప్’ రిపోర్టు తిరగేస్తే చివరి పేజీల్లో ఎక్కడో పీఎస్‌ఏ అని కనిపిస్తుంది. షుగరు, కొలెస్ట్రాల్, థైరాయిడ్ అంకెల మధ్య అదీ ఒక అంకె. తక్కువుంటే హమ్మయ్య అనుకుంటాం. పక్కన ‘ఎక్కువ’ అని గుర్తు పడితే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఈ పరీక్ష ప్యాకేజీలో ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. చెయ్యబోయే ముందు దీనివల్ల ఒరిగేదేమిటో, జరిగే నష్టమేమిటో చెప్పేవారు అంతకన్నా తక్కువ.

జబ్బు లక్షణాలేవీ లేని మగవాళ్లందరికీ ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం క్రమం తప్పకుండా ఈ పరీక్ష చెయ్యాలా, వద్దా? వైద్యరంగంలో మూడు దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న ఇది. 2025లో ఇది మళ్లీ వార్తల్లోకెక్కింది. ఆ చర్చ మన ఇంటిదాకా ఎలా వస్తుందో, మీరు ఏం నిర్ణయించుకోవాలో చూద్దాం.

మళ్లీ ఇప్పుడెందుకు?

2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నట్టు బయటపడింది. అప్పటికే అది ఎముకలకు పాకింది. ఆయన చివరిసారి పీఎస్‌ఏ చేయించుకున్నట్టు తెలిసింది 2014లో అని ఆయన కార్యాలయం చెప్పింది. ‘దేశాధ్యక్షుడికి కూడా పరీక్ష చెయ్యలేదా?’ అని జనం ఆశ్చర్యపోయారు. కానీ 70 దాటినవారికి ఈ పరీక్ష వద్దన్నదే అమెరికా మార్గదర్శకాల్లోని మాట.

బ్రిటన్‌లో ఒలింపిక్ సైక్లింగ్ విజేత క్రిస్ హోయ్ తన క్యాన్సర్ నయం కాని దశలో ఉందని 2024 అక్టోబరులో, 48 ఏళ్ల వయసులో ప్రకటించారు. భుజం నొప్పి అని స్కానింగ్‌కు వెళితే జబ్బు బయటపడింది. ఆయన తండ్రికి, తాతకు కూడా ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. అప్పటి నుంచి పరీక్షను అందరికీ అందుబాటులోకి తేవాలన్న ఒత్తిడి అక్కడ పెరిగింది. మాజీ ప్రధాని డేవిడ్ కామెరాన్ కూడా తనకు ఇదే క్యాన్సర్ వచ్చిందనీ, పీఎస్‌ఏ పరీక్షతోనే దొరికిందనీ నవంబరులో వెల్లడించారు.

కొద్దిరోజులకే, 2025 నవంబరు 28న, బ్రిటన్ జాతీయ స్క్రీనింగ్ కమిటీ తన ముసాయిదా సిఫారసు బయటపెట్టింది. మగవాళ్లందరికీ స్క్రీనింగ్ వద్దంది. బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవారికి మాత్రం 45 నుంచి 61 ఏళ్ల మధ్య రెండేళ్లకోసారి చెయ్యొచ్చని చెప్పింది. అందరికీ చేస్తే తప్పే మరణాలు కొన్నే, అనవసరంగా రోగులయ్యేవారు మాత్రం చాలా ఎక్కువ అన్నది కమిటీ చెప్పిన కారణం. ఎంతోమంది రోగులు, వారి కుటుంబాలు దీనిపై భగ్గుమన్నాయి. పరీక్షతో బతికానని నమ్మేవారికి ఈ మాట మింగుడుపడదు. అది సహజం. అయినా కమిటీ ఎందుకలా చెప్పిందో అర్థం కావాలంటే ముందు పరీక్ష సంగతి తెలియాలి.

ఆ అంకె ఏం చెబుతుంది?

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రమార్గం చుట్టూ ఉంటుంది. ఆ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీనే పీఎస్‌ఏ. అందులో కొద్దిపాటి భాగం రక్తంలోకి వస్తుంది. క్యాన్సర్ ఉంటే రక్తంలో దాని మోతాదు పెరగొచ్చు. అయితే వయసుతోపాటు గ్రంథి మామూలుగా ఉబ్బినా పెరుగుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, గ్రంథి వాచినా, మూత్రానికి గొట్టం వేసినా పెరుగుతుంది. అంటే ఇది గ్రంథిలో ఏదో ఉందని చెబుతుందే తప్ప అది క్యాన్సరని చెప్పదు.

అందుకే పీఎస్‌ఏ పెరిగిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి క్యాన్సర్ ఉండదు. మరోవైపు పీఎస్‌ఏ మామూలుగా ఉన్నవారిలోనూ ఏడుగురిలో ఒకరికి క్యాన్సర్ ఉండొచ్చు. అమెరికా దీన్ని 1986లో అనుమతించింది క్యాన్సర్ ఉన్నవారిలో జబ్బు తీరు గమనించడానికి. క్యాన్సర్‌ను కనిపెట్టడానికి వాడొచ్చని 1994లో అంది. అప్పటికే అది ఆరోగ్యవంతుల రక్తపరీక్షల్లోకి చొరబడిపోయింది.

వెయ్యి మందికి చేస్తే..

అమెరికాలో ఇలాంటి పరీక్షల మంచిచెడ్డలు తేల్చే నిపుణుల బృందం ఒకటుంది. పేరు ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్. 55 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు వెయ్యి మందికి పదమూడేళ్లపాటు పీఎస్‌ఏ పరీక్షలు చేస్తూపోతే ఏం జరుగుతుందో 2018లో అది లెక్కగట్టింది. ఆ లెక్క ఇదీ:

- 240 మందికి ఎప్పుడో ఒకప్పుడు పీఎస్‌ఏ ఎక్కువని వస్తుంది.
- బయాప్సీ చేస్తే వారిలో 100 మందికి క్యాన్సర్ ఉన్నట్టు తేలుతుంది. ఈ నూరుమందిలో 20 నుంచి 50 మందికి అది జీవితకాలంలో ఎలాంటి ఇబ్బందీ పెట్టని క్యాన్సర్.
- 80 మంది ముందో వెనకో ఆపరేషనో, రేడియేషనో చేయించుకుంటారు.
- 50 మందికి స్తంభన లోపం మిగులుతుంది. 15 మంది మూత్రం ఆపుకోలేని స్థితికి వస్తారు.
- ముగ్గురికి క్యాన్సర్ ఇతర భాగాలకు పాకకుండా ఆగుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ మరణం తప్పేది ఒక్కరికి, లెక్కప్రకారం 1.3 మందికి.
- ఇంత చేసినా ఐదుగురు ఆ క్యాన్సర్‌తోనే చనిపోతారు.

ఈ లెక్కను రెండు రకాలుగా చదవొచ్చు. బతికిన ఆ ఒక్కరూ మీ నాన్నే అయితే మిగతా అంకెలన్నీ మీకు చిన్నవే. పడకమీద ప్యాడ్లు మార్చుకుంటూ గడిపే ఆ పదిహేను మందిలో ఆయన ఒకరైతే, అదీ ఎప్పటికీ హాని చెయ్యని క్యాన్సర్ కోసమైతే, లెక్క తలకిందులవుతుంది. ఏ వైపు పడతామో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే ఇది వైద్యశాస్త్రం ఒక్కటే తేల్చే ప్రశ్న కాకుండా పోయింది.

పదమూడేళ్లు చాలవు, ఇంకా ఎక్కువకాలం గమనించాలన్న వాదన కూడా ఉంది. అందులో నిజముంది. యూరప్‌లో 55-69 ఏళ్ల మధ్య ఉన్న 1,62,000 మందితో 1990ల్లో మొదలైన పెద్ద అధ్యయనం 23 ఏళ్ల ఫలితాలు 2025 అక్టోబరులో వెలువడ్డాయి. స్క్రీనింగ్‌కు పిలిచినవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తక్కువ. అసలు అంకెల్లో చూస్తే పిలవనివారిలో నూటికి 1.6 మంది, పిలిచినవారిలో 1.4 మంది ఈ క్యాన్సర్‌తో చనిపోయారు. 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. 2009లో ఇదే అధ్యయనం తొలి ఫలితాల్లో ఒక మరణం తప్పడానికి 1,410 మందిని పిలవాల్సి వచ్చింది. అంటే కాలం గడిచేకొద్దీ మేలు పెరుగుతోంది. యాభై అయిదేళ్ల మనిషికి ఇది ఆలోచించదగ్గ సంగతి. డెబ్భై అయిదేళ్ల మనిషికి ఆ మేలు చేతికందేసరికి చాలా ఆలస్యమవుతుంది.

బ్రిటన్‌లో నాలుగు లక్షల మందికి పైగా ఉన్న మరో అధ్యయనంలో ఒకే ఒక్కసారి పరీక్షకు పిలిచి చూశారు. పదిహేనేళ్ల తర్వాత మరణాలు ఒకవైపు 0.69 శాతం, మరోవైపు 0.78 శాతం. తేడా ఉంది కానీ చాలా స్వల్పం. ఏదో ఒక ఏడాది ప్యాకేజీలో పీఎస్‌ఏ ఒకసారి చేయించి మరచిపోయే మన అలవాటుకు దగ్గరగా ఉన్నది ఈ అధ్యయనమే.

‘ముందే దొరికితే మంచిదేగా?’

క్యాన్సర్ అనగానే మనకు తట్టేది ఎంత తొందరగా పట్టుకుంటే అంత మంచిదని. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో ఇది అక్షరాలా నిజం. క్యాన్సర్‌గా మారకముందే ఆ మచ్చను తొలగించొచ్చు. ప్రోస్టేట్ తీరు వేరు. ఇక్కడ క్యాన్సర్లు రెండు రకాల మనుషుల్లాంటివి. కొన్ని ఇంట్లో ఓ మూల కూర్చుని ఎవరి జోలికీ పోవు. కొన్ని గోడ దూకి పోతాయి. వేరే కారణాలతో చనిపోయిన వృద్ధుల దేహాలను పాశ్చాత్య దేశాల్లో పరీక్షించినప్పుడు డెబ్భైల్లో ఉన్నవారిలో మూడింట ఒక వంతు మందికి ప్రోస్టేట్‌లో క్యాన్సర్ కనిపించింది. అది ఉందన్న సంగతి వారికి తెలియనే తెలియదు. పీఎస్‌ఏ వల వేస్తే ఈ మూల కూర్చున్నవే ఎక్కువగా పడతాయి. గోడ దూకేవి కొన్నిసార్లు రెండు పరీక్షల మధ్యలోనే పెరిగిపోతాయి.

దొరికిన ప్రతి క్యాన్సర్‌నూ తీసేయాల్సిన పనిలేదనీ ఇప్పుడు గట్టి రుజువులున్నాయి. బ్రిటన్‌లోనే 1,643 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్ ఇచ్చారు. మూడో జట్టును ఊరికే కనిపెట్టుకుని ఉండి, జబ్బు ముదిరే సూచన కనిపిస్తేనే చికిత్సకు మళ్లించారు. పదిహేనేళ్ల తర్వాత మూడు జట్లలోనూ ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి ముగ్గురే. కనిపెట్టుకుని ఉన్న జట్టులో క్యాన్సర్ పాకినవారు కొంత ఎక్కువ. కానీ ఆపరేషన్ దుష్ప్రభావాలు లేకుండా ఏళ్లు గడిపినవారూ వారిలోనే ఎక్కువ.

రెండోవైపు వాదననూ తేలిగ్గా తీసిపారేయలేం. అమెరికాలో 1993 తర్వాత ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాల రేటు సుమారు సగానికి తగ్గింది. అందులో మెరుగైన చికిత్సల వాటా ఎంతో, స్క్రీనింగ్ వాటా ఎంతో విడదీయడం కష్టం. కానీ 2012లో టాస్క్‌ఫోర్స్ ఎవరికీ పీఎస్‌ఏ వద్దన్నాక పరీక్షలు తగ్గాయి. ఆ తర్వాతి ఏళ్లలో ముదిరిన దశలో దొరికే క్యాన్సర్లు పెరిగాయి. 2018లో బృందం మాట మార్చింది. 55-69 ఏళ్లవారు డాక్టరుతో మాట్లాడి ఎవరికివారు నిర్ణయించుకోవాలంది. 70 దాటితే వద్దన్న మాట మాత్రం మార్చలేదు.

ఎంఆర్‌ఐ వచ్చాక

పాత అధ్యయనాల కాలంలో పీఎస్‌ఏ పెరిగితే నేరుగా బయాప్సీ. ఇప్పుడు మధ్యలో ఎంఆర్‌ఐ చేరింది. స్కాన్‌లో అనుమానం కనిపిస్తేనే, ఆ చోటు నుంచే ముక్క తీస్తారు. స్వీడన్‌లోని గోటెబోర్గ్‌లో ఇలా చేసి చూస్తే హాని చెయ్యని క్యాన్సర్లు అనవసరంగా బయటపడడం సగానికి తగ్గింది. బ్రిటన్‌లో కొత్తగా మొదలైన ‘ట్రాన్స్‌ఫామ్’ అధ్యయనం తేల్చాలనుకుంటున్నది కూడా ఇదే. పీఎస్‌ఏ, ఎంఆర్‌ఐ, జన్యుపరీక్షలను ఎలా కలిపితే మేలు పెరిగి నష్టం తగ్గుతుందో అందులో చూస్తారు. రేపటి సమాధానం నేటిదానికన్నా భిన్నంగా ఉండే అవకాశం బాగానే ఉంది.

మన దగ్గర లెక్క వేరు

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో ప్రోస్టేట్ క్యాన్సర్ కొత్తగా వచ్చినవారు దాదాపు 38 వేలు, చనిపోయినవారు దాదాపు 18 వేలు. ఏడు కోట్ల జనాభా ఉన్న బ్రిటన్‌లో ఏటా 55 వేలకు పైగా కేసులు, సుమారు 12 వేల మరణాలు. ఈ రెండు జంటల్ని పక్కపక్కన పెట్టి చూడండి. వయసు తేడాలు సర్దుబాటు చేసి చూసినా మనకు ఈ జబ్బు వచ్చేది తక్కువ మందికి. కానీ వచ్చినవారిలో ప్రాణం పోగొట్టుకునేవారి వాటా చాలా ఎక్కువ.

మొదటి సంగతి అందరికీ స్క్రీనింగ్‌కు వ్యతిరేకంగా నిలుస్తుంది. జబ్బు అరుదైన చోట అదే పరీక్ష చేస్తే ఉత్తుత్తి భయాల వాటా పెరుగుతుంది. ‘ఎక్కువ’ అని వచ్చిన ప్రతి నూరుమందిలో నిజంగా క్యాన్సర్ ఉన్నవారు తగ్గిపోతారు. పైగా మలద్వారం గుండా సూదితో చేసే బయాప్సీలో ఇన్‌ఫెక్షన్ ముప్పుంది. యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా మన దగ్గర ఎక్కువ కాబట్టి ఆ ముప్పూ ఎక్కువే. క్యాన్సర్ అని తేలాక ‘కనిపెట్టుకుని ఉందాం’ అంటే మన ఇళ్లలో ఒప్పుకొనేదెవరు? ‘ఒంట్లో పెట్టుకుని కూర్చోవడమేంటి, తీయించేయండి’ అంటారు బంధువులంతా. ఏళ్ల తరబడి పీఎస్‌ఏ, ఎంఆర్‌ఐ, మళ్లీ బయాప్సీ అంటూ తిరిగే వీలు పట్నం మనిషికే అంతంతమాత్రం, పల్లె మనిషికి మరీ కష్టం. కనిపెట్టుకునే ఏర్పాటు లేనిచోట స్క్రీనింగ్ అంటే నేరుగా ఆపరేషన్ బల్లకు దారే.

ముప్పై దాటినవారికి ప్రభుత్వం నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగ్ చేయిస్తోంది. ప్రోస్టేట్ అందులో లేదు. ఆ మూడింటినే ఇంటింటికీ పూర్తిగా చేర్చలేని స్థితిలో నాలుగోదాన్ని చేర్చకపోవడమే సబబు.

రెండో సంగతి, అంటే మరణాల వాటా, మరో లోపాన్ని ఎత్తిచూపుతోంది. మన దగ్గర చాలామంది ఆస్పత్రికి వచ్చేసరికే క్యాన్సర్ ఎముకలకు పాకి ఉంటుంది. నడుం నొప్పికి నెలల తరబడి మాత్రలు, తైలాలు. మూత్రంలో నెత్తురు కనిపిస్తే వేడిచేసిందని సబ్జా నీళ్లు. రాత్రి నాలుగుసార్లు లేస్తే వయసైపోయిందని సర్దుకోవడం. ఇలాంటివారికి చేసే పీఎస్‌ఏను స్క్రీనింగ్ అనరు, అది రోగనిర్ధారణ. బ్రిటన్ కమిటీ వద్దన్నది ఏ బాధా లేనివారికి వరసపెట్టి చెయ్యడాన్ని. బాధ ఉన్నవారికి కాదు. ఆ వార్త చదివి ‘పీఎస్‌ఏ దండగట’ అనుకుని లక్షణాలున్నా ఊరుకుంటే అంతకన్నా ప్రమాదం లేదు.

ఈ రెండు తప్పులూ మన దగ్గర ఒకేసారి జరుగుతున్నాయి. నగరంలో ఏ ఇబ్బందీ లేని పెద్దాయనకు అడక్కుండానే పరీక్ష చేస్తున్నారు. ఊళ్లో నడుం నొప్పితో వంగిపోయిన పెద్దాయనకు అవసరమైనా చెయ్యడం లేదు. స్క్రీనింగ్ పథకం పెడతామంటే మొదటి తప్పు పెద్దదవుతుంది, రెండోది అలాగే ఉండిపోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో మూత్రం ఇబ్బందులతో, తగ్గని నడుం నొప్పితో వచ్చే మగవాళ్లను వేలితో పరీక్షించి, పీఎస్‌ఏ రాసి, పైఆస్పత్రికి పంపే పద్ధతి గట్టిపడితే దక్కే ప్రాణాలు ఎక్కువ.

మరి మీ సంగతి?

మీ వయసు, మీ కుటుంబ చరిత్రను బట్టి ఆలోచించండి.

- ముప్పు ఎక్కువున్నవారు: తండ్రికో, అన్నదమ్ములకో ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తే మీకు ముప్పు దాదాపు రెట్టింపు. అమ్మకో, అక్కచెల్లెళ్లకో చిన్నవయసులోనే రొమ్ము క్యాన్సర్ గానీ, అండాశయ క్యాన్సర్ గానీ వచ్చినా గమనించాలి. అదే బీఆర్‌సీఏ జన్యుమార్పు మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు దారితీయొచ్చు. ఇలాంటివారు 45 ఏళ్లకే యూరాలజిస్టును కలవడం మంచిది.
- 55-69 మధ్య, ఏ ఇబ్బందీ లేనివారు: చేయించుకోవడం తప్పు కాదు, మానుకోవడం నిర్లక్ష్యమూ కాదు. పైన చెప్పిన వెయ్యి మంది లెక్క డాక్టరు ముందు పెట్టి మాట్లాడండి. అరవై ఏళ్ల వయసులో పీఎస్‌ఏ ఒకటికి లోపే ఉంటే ఈ క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు చాలా తక్కువ. ఏటేటా పరీక్ష అక్కర్లేదు.
- 70 దాటినవారు: లక్షణాలు లేకపోతే సాధారణంగా అవసరం లేదు. ‘నాన్నా, ఇక్కడ అందరూ చేయించుకుంటారు, నువ్వూ చేయించుకో’ అని అమెరికా నుంచి పిల్లలు ఫోన్ చేస్తే, ఈ వయసుకు అక్కడి నిపుణులే వద్దంటున్నారని చెప్పండి.
- లక్షణాలున్నవారు: మూత్రంలో గానీ వీర్యంలో గానీ రక్తం, మూత్రం ఆగి ఆగి రావడం, కొత్తగా మొదలై రాత్రిపూట ఎక్కువయ్యే నడుం లేదా తుంటి నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం.. వీటిలో ఏదున్నా వయసుతో పనిలేదు, డాక్టరును కలవండి. మూత్రం ఇబ్బందులు చాలావరకు మామూలు వాపువల్లే వస్తాయి. అయినా తేల్చుకోవాలి. కాళ్లలో హఠాత్తుగా బలం తగ్గితే అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి. వెన్నుపాము నొక్కుకుపోతుండొచ్చు.

రక్తం ఇచ్చే ముందు, రిపోర్టు వచ్చాక

ప్యాకేజీ బుక్ చేసేటప్పుడే పీఎస్‌ఏ ఉందేమో అడగండి. వద్దనుకుంటే తీసేయమనొచ్చు. చేయించుకుంటే మాత్రం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తగ్గి ఆరు వారాలు గడవాలి. ముందు రెండు రోజులు వీర్యస్ఖలనం, గట్టిగా సైకిల్ తొక్కడం మానాలి. ప్రోస్టేట్ వాపుకు వాడే డ్యుటాస్టెరైడ్, వాపుకూ జుట్టు రాలడానికీ వాడే ఫినాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడితే పీఎస్‌ఏను సగానికి తగ్గించి చూపుతాయి. అవి వాడేవారికి రిపోర్టులో ‘మామూలు’ అని వచ్చినా అది నిజంగా మామూలు కాకపోవచ్చు. డాక్టరుకు తప్పక చెప్పండి.

అంకె ఎక్కువొస్తే ఆ రోజే బయాప్సీకి పరుగెత్తొద్దు. కొన్ని వారాలాగి మళ్లీ చేయించండి. చాలామందిలో రెండోసారి తగ్గుతుంది. తగ్గకపోతే ముందు ఎంఆర్‌ఐ గురించి అడగండి. బయాప్సీ తప్పదంటే మలద్వారం గుండా కాకుండా దాని ముందున్న చర్మం నుంచి తీసే వీలుందేమో కనుక్కోండి. అందులో ఇన్‌ఫెక్షన్లు తక్కువ. క్యాన్సర్ అని తేలినా అది ఏ స్థాయిదో అడగండి. తక్కువ ముప్పు రకమైతే ‘ఇప్పుడే చికిత్స చెయ్యకుండా కనిపెట్టుకుని ఉండొచ్చా?’ అన్న ప్రశ్న వేసే హక్కు మీకుంది. స్వీడన్‌లో ఇలాంటివారిలో అత్యధికులు ఆ దారిలోనే ఉన్నారు.

పరీక్ష చేయించుకోవాలనుకున్నా, వద్దనుకున్నా, ఆ నిర్ణయం మీకు తెలిసి జరగాలి. ల్యాబ్ ప్యాకేజీలో ఎవరో ముందే పెట్టిన టిక్కు మీ బదులు ఆ నిర్ణయం తీసుకోకూడదు.